తరిగొండ వెంగమాంబ : అన్నమే హారతి

తిరుమలలో ప్రతి రాత్రియు శ్రీవారికి ఏకాంతసేవ జరుగును. పగలంతయు వేలాది భక్తులకు దర్శనమొసగిన స్వామి పవ్వళించు వేళ అది. ఆ సమయమున తాళ్ళపాక వారి లాలిపాటయు, తరిగొండ వెంగమాంబ పేర ముత్యాల హారతియు స్వామికి సమర్పింపబడును. మరునాటి పగటివేళ, ఆలయమునకు కొలది దూరముననున్న అన్నప్రసాద భవనమున యాత్రికులు పంక్తులు తీరి కూర్చుందురు. ఆ భవనమునకును ఆమె పేరే కలదు. రాత్రి స్వామి యెదుట వెలుగు హారతి పళ్ళెరము, పగలు యాత్రికుని యెదుట వడ్డించిన అన్నము, ఈ రెండింటికిని ఒక్క భక్తురాలి పేరు నిలిచియుండుట కాకతాళీయము కాదు. ఆమె జీవితమంతయు ఈ రెండింటి నడుమనే నడచినది.

దానము చేయవలెనన్న ధనముండవలెనని లోకుల తలంపు. పుణ్యకార్యములు సంపన్నులకు, జమీందారులకు, వర్తకులకు సాధ్యమగునే కాని తమవంటి వారికి కావని సామాన్య గృహస్థులు సంకోచింతురు. వెంగమాంబకు ధనము లేదు, అధికారము లేదు, ఆనాటి సంఘమున గౌరవమును లేదు. చిన్ననాటనే భర్తను కోల్పోయిన స్త్రీ ఆమె. అట్టి ఆమె ఏడుకొండలపై ఆకొన్నవారికి అన్నమును, దప్పిగొన్నవారికి నీరును ఇచ్చు తల్లి ఎట్లయ్యెనో తెలిసికొన్నచో, దానమనగా ఏమో, దానికి ముందుగా మనస్సున ఏర్పడవలసిన గుణములెట్టివో బోధపడును.

తరిగొండ క్షేత్రము

మదనపల్లె నుండి తిరుపతికి పోవు మార్గమున వాయల్పాడు కలదు. వాల్మీకిపురమని దానికి నామాంతరము. అచటికి సమీపముననే, గుర్రంకొండ దుర్గమునకును అంతగా దూరము కాకుండ, తరిగొండ గ్రామమున్నది. ఆ ఊరిలో లక్ష్మీనరసింహస్వామి ఆలయము ప్రసిద్ధము. ఒక ఇల్లాలు కుండలో పెరుగు చిలుకుచుండగా కవ్వమునకు రాయి తగిలెననియు, తీసి చూడగా అది నరసింహస్వామి రూపమై యుండెననియు స్థలపురాణము చెప్పును. తరి అనగా చిలుకుట. తరికుండయే తరిగొండ అయ్యెనని పెద్దల మాట. పెరుగు చిలుకు గృహిణి చేతికి దేవుడు దొరకిన ఊరది. ఇంటిపనిలో భగవంతుడున్నాడను నమ్మకము ఆ గ్రామము పేరులోనే ఇమిడియున్నది.

ఆ గ్రామమున 1730వ సంవత్సరమున కానాల కృష్ణయ్య, మంగమాంబ అను నందవరీక బ్రాహ్మణ దంపతులకు వెంగమాంబ జన్మించెను. తిరుమల వేంకటేశ్వరుని అనుగ్రహమున కలిగిన బిడ్డయని ఆమెకు ఆ స్వామి పేరే పెట్టిరి. తోటి బాలికలు ఆటలలో మునిగియుండగా ఆమె నరసింహస్వామి గుడిలో కూర్చుండి పాటలు పాడుచుండెడిదట. తాను చిన్ననాట గురువు చెంత అక్షరములైనను దిద్దుకొనలేదనియు, తన నోట పలికినది తరిగొండ నరసింహుడేననియు ఆమె తరువాతి కాలమున తన కావ్యమున వినయముతో చెప్పుకొన్నది.

ఆ సీమ స్వరూపమును కొంత తలచుకొనుట అవసరము. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములన్నియు మెట్ట భూములు. వానలు పడిననే చెరువులు నిండును. చెరువులు నిండిననే పంటలు పండును. కుప్పము మీదుగా పాలారు నది పోవుచున్నను పెక్కు మాసములు అందు ఇసుకయే కానవచ్చును. ఆ సీమవారికి ప్రధానాహారము రాగిసంగటి. అట్టి నేలపై పుట్టినవారికి నీటి విలువ ఒకరు చెప్పవలసిన పని లేదు. బావి త్రవ్వించుట, చెరువు కట్టించుట, ఎండకాలమున బాటప్రక్కన చలివేంద్రము పెట్టించుట ఆ సీమలో వేడుకలు కావు. ప్రాణములు నిలుపు పనులు. వెంగమాంబ తరువాత కొండపై చేసిన కైంకర్యమునకు మూలము ఈ ఎండిన నేలలోనే కలదు.

నింద, నిశ్చయము

ఆనాటి ఆచారము ననుసరించి వెంగమాంబకు బాల్యముననే వివాహము జరిగెను. భర్త నారుగుంటకు చెందిన ఇంజేటి వారి కుమారుడు వేంకటాచలపతి. కొలదికాలమునకే అతడు మరణించెను. పదునెనిమిదవ శతాబ్దమున భర్త పోయిన స్త్రీకి మిగులునది ఏమియు లేదు. తల వెండ్రుకలు తీయించుకొనవలెను. పసుపు కుంకుమలు విడువవలెను. శుభకార్యములకు దూరముగ నిలువవలెను. బాలికయైనను వృద్ధయైనను ఆ కట్టుబాటు ఒక్కటియే.

వెంగమాంబ ఆ కట్టుబాటునకు లొంగలేదు. తనకు భర్త తిరుమలేశుడే యనియు, ఆయన నిత్యుడు కనుక తాను నిత్యసుమంగళి యనియు ఆమె నిశ్చయించుకొన్నది. బొట్టును, పసుపును, కురులను విడువలేదు. గ్రామస్థులు నిందించిరి, బంధువులు బ్రతిమాలిరి, పెద్దలు బెదరించిరి. పుష్పగిరి పీఠాధిపతి ఆ ప్రాంతమునకు వచ్చినపుడు ఆమెను పిలిపించి విచారించిరనియు, తుదకు ఆమె భక్తిమహిమను గుర్తించిరనియు భక్తులు నేటికిని కథగా చెప్పుకొందురు. బలవంతముగా తీసివేసిన కురులు మరల మొలచెనను కథయు కలదు. ఈ కథలలోని అద్భుతము అటుండనిండు. నిజముగ అద్భుతమైనది వేరొకటి. ఊరంతయు ఒక వైపున నిలిచినపుడు, ఆధారము లేని యువతి తాను నమ్మిన దానిని విడువకపోవుట.

ఇది మొండితనమని ఆనాడు పెక్కురు తలంచిరి. కాని మొండివాడు తనకొరకు పట్టుపట్టును. వెంగమాంబ స్వామికొరకు పట్టుపట్టినది. లోకము ఆమెను అశుభమన్నది. ఆమె మాత్రము లోకమును అట్లనలేదు. నిందించినవారిపై పగ పెంచుకొని యున్నచో, తరువాతి కాలమున కులము, ఊరు, పరిచయము అడుగక అన్నము పెట్టు హృదయము ఆమెకు కలిగెడిది కాదు.

మదనపల్లె గురువు

భక్తి యున్నంత మాత్రమున మనస్సు నిలకడ చెందదు. దానికి క్రమమైన సాధన కావలెను. సాధనకు గురువు కావలెను. మదనపల్లె వాస్తవ్యులగు రూపావతారం సుబ్రహ్మణ్యదేశికులు వెంగమాంబకు గురువులైరి. ఆనాడు స్త్రీకి, అందును భర్తృహీనకు, యోగవేదాంత రహస్యములు బోధించుటకు సాహసము కావలెను. దేశికులు శిష్యురాలి యోగ్యతను చూచిరే కాని లోకుల మాటను లెక్కింపలేదు. ఆయన వద్ద ఆమె యోగమార్గమును, వేదాంతమును అభ్యసించెను. గురువుపై ఆమెకు గల భక్తి ఆమె రచనలలో ప్రకాశించును.

గురువు కూడ ఒక దాతయే. ధనదానము పొందినవాడు దానిని ఖర్చుచేసి మరల పేదవాడు కావచ్చును. విద్యాదానము పొందినవాడు దానిని ఎంత పంచినను పేదవాడు కాడు. మదనపల్లెలో ఒక ఆచార్యుడు అపాత్రమని లోకము త్రోసివేసిన శిష్యురాలికి ఇచ్చిన విద్య, తిరుమలలో వేలమందికి అన్నమై ఫలించెను. పాత్రత నిర్ణయించుటలో లోకము కన్నులు వేరు, గురువు కన్నులు వేరు.

తరిగొండకు మరలివచ్చిన వెంగమాంబ నరసింహాలయమున ఆంజనేయస్వామి విగ్రహము వెనుక కూర్చుండి ఎవ్వరికిని కనబడక ధ్యానము చేయుచుండెడిది. ఈ కాలముననే ఆమె కవిత్వమును ఆరంభించెను. తరిగొండ నృసింహ శతకము, నృసింహ విలాసకథ, శివనాటకము, బాలకృష్ణ నాటకము, రాజయోగామృతసారము అను రచనలు ఆ గ్రామముననే వెలసినవని చెప్పుదురు. నరసింహుని కొలుచు కవయిత్రి శివుని గూర్చియు యక్షగానము వ్రాసినది. అట్టి విశాలహృదయయైనను ఊరిలో ఆమెకు శాంతి లభింపలేదు. గుడిలో చాటుగా ధ్యానించుట అర్చకుని కంటబడి ఆమె అవమానింపబడెను. జన్మభూమిని విడిచి ఆమె తిరుమలకు ప్రయాణమయ్యెను.

కొండకు చేరుట

నాటి ప్రయాణమును నేటివారు ఊహించుటయే కష్టము. తిరుమలకు మొదటి ఘాటు రోడ్డు 1944లో గాని తెరవబడలేదు. పుంగనూరు, కుప్పము వైపు వారు పలమనేరు చేరి మొగిలి కనుమ దిగి చిత్తూరు మీదుగా వచ్చెడివారు. మదనపల్లె, వాయల్పాడు వైపు వారు పీలేరు దాటి భాకరాపేట కనుమ మీదుగా చంద్రగిరి చేరెడివారు. పిదప కాలినడకన కొండ యెక్కవలెను. మూటలో అటుకులో పేలపిండియో కట్టుకొని, రాత్రులు సత్రముల అరుగులపై తలదాచుకొని, గోవిందనామమే తోడుగా వారు నడచెడివారు. అడవిలో మృగభయము, బాటలలో దొంగలభయము. పైగా ఆ కాలము యుద్ధముల కాలము. గుర్రంకొండ సీమ పెక్కు చేతులు మారెను. 1780లో హైదరాలీ కర్ణాటక రాజ్యముపై దండెత్తగా, ఆ తరువాతి సంవత్సరములలో కఱవు ప్రజలను పీడించెను. అట్టి రోజులలోను యాత్రికులు కొండకు వచ్చుట మానలేదు. వచ్చినవారిలో ఎందరో ఆకలితో వచ్చెడివారు.

తిరుమలలో వెంగమాంబకు ఆశ్రయమిచ్చినది హాథీరాంజీ మఠము. మహంతు ఆత్మారాందాసు ఆమెకు నివాసము కల్పించెనని చెప్పుదురు. తాళ్ళపాక వంశీయులును ఆమెను ఆదరించిరి. ఉత్తరదేశము నుండి వచ్చిన వైరాగుల మఠమొకటి, మూడు శతాబ్దములకు పూర్వము స్వామికి సంకీర్తనలర్పించిన అన్నమాచార్యుల వంశమొకటి, తమ్ముల నాశ్రయించి వచ్చిన ఒంటరి స్త్రీని కాపాడినవి. ఆమె ప్రతి రాత్రియు స్వామికి హారతి సమర్పించు భాగ్యమును పొందెను. ఆ హారతియే నేటికిని ఏకాంతసేవలో ఆమె పేర సాగుచున్నది.

అయినను కష్టములు కొండపైనను ఆమెను వెంటాడినవి. పొరుగున నున్న ఒకడు ఆమె యెదుగుదలను ఓర్వలేక, ఎంగిలి విస్తళ్ళను ఆమె యింటిలోనికి విసరివేయుచుండెనని భక్తులు చెప్పుదురు. ధ్యానమున నున్న ఆమెపై ఆ ఎంగిలాకులు పడగా ఒకనాడు ఓర్పు తప్పి కఠినవాక్కు వెలువడెనని కూడ కొందరి కథనము. భక్తుల చరిత్రలో ఇట్టి సంగతులను దాచవలసిన పని లేదు. మహనీయులు పుట్టుకతోనే రాగద్వేషములకు అతీతులై యుందురనుకొన్నచో వారి జీవితము సామాన్యునకు పనికిరాదు. వారును మన్నువంటి దేహముతో, మంటవంటి మనస్సుతో పోరాడినవారే. ఆ పోరాటమున వారు తుదిదాక నిలిచిరి.

వెంగమాంబ అచటనే యుండి కలహమును పెంచలేదు. తిరుమల అడవులలోని తుంబురుకోనకు పోయి ఏకాంతమున తపస్సు చేసెను. ఆ తపస్సు ఆరు సంవత్సరములు సాగెనని చెప్పుదురు. ఫాల్గుణ పూర్ణిమనాడు తుంబురుతీర్థ ముక్కోటికి పోవు భక్తులు ఆ లోయ ఎంత నిర్జనమో ఎరుగుదురు. ఎత్తైన కొండచరియల నడుమ నీటిధార తప్ప వేరు తోడు లేని చోటు. అట్టి చోట సంవత్సరముల తరబడి తనను తాను పరీక్షించుకొన్న పిమ్మట ఆమె మరల తిరుమలకు వచ్చెను. వచ్చిన తరువాత ఆమె చేసిన పనియే ఆ తపస్సునకు ఫలము.

అన్నము, నీరు

వెంగమాంబ ఇలవేలుపు నరసింహస్వామి. నృసింహ జయంతి వైశాఖ శుద్ధ చతుర్దశినాడు వచ్చును. ఎండలు మిక్కుటముగ కాయు దినములవి. కొండమెట్లు కాలుచుండును, బండలు సెగలు గ్రక్కుచుండును. ఆ దినములలో తిరుమలకు వచ్చు యాత్రికులకు అన్నము పెట్టుటను, చలివేంద్రమున నీరు పోయుటను వెంగమాంబ తన కైంకర్యముగ చేపట్టెను. ఎంగిలి విస్తళ్ళు ఎవరి యింటిలోనికి విసరబడినవో, ఆ యింటి యజమానురాలే వేరెవరికో శుభ్రమైన విస్తళ్ళు పరచినది. పగకు ఇంతకంటె మేలైన సమాధానము మరియొకటి లేదు.

ఈ కార్యము ఆమె సొంత ధనముతో జరుగలేదు. ఆమెకు అట్టిది లేదు. ఆమె నిష్ఠను, నిస్వార్థతను చూచిన దాతలు అన్నదానము నిమిత్తము భూములను, ధనమును ఆమెకు సమర్పింపసాగిరి. పదునెనిమిదవ శతాబ్ది చివర, పందొమ్మిదవ శతాబ్ది మొదట ఈ దానములు సాగినవి. 1801లో తిరుమల ఆలయ పాలన ఈస్టిండియా కంపెనీ చేతికి పోయెను. పాలకులు మారినను ఆమెపై దాతలకు గల నమ్మకము మారలేదు.

ఆ నమ్మకము ఎట్టిదో ఆలోచింపదగును. ఆనాటి కట్టుబాట్ల ప్రకారము భర్తృహీనయగు స్త్రీ ఒకరిపై ఆధారపడి బ్రతుకవలసినది. అట్టి ఆమె చేతిలో పరుల పొలముల ఫలసాయము, పరుల ధనము పోయబడెను. సత్రముల పేర ఇచ్చిన మాన్యములు స్వార్థపరుల పాలగుట ఆ కాలమున అరుదు కాదు. ధర్మసంస్థల భూముల ఆదాయము దాతలు ఉద్దేశించిన కార్యములకే వినియోగపడునట్లు చూచుటకై మదరాసు ప్రభుత్వము 1817లో ప్రత్యేకముగ ఒక శాసనము చేయవలసి వచ్చెను. వెంగమాంబ పరమపదించినదియు ఆ సంవత్సరముననే. శాసనము పుట్టుటకు ముందే, శాసనముతో పనిలేకుండ, ఆమె పరధనమును పరులకే చేర్చినది.

దానమునకు ముందు గుణము కావలెననుటకు ఇదియే నిదర్శనము. సత్యము లేనివాని చేతికి ఎవ్వరును ధర్మకార్యమును అప్పగింపరు. ఓర్పు లేనివాడు పంక్తిలోని కడపటి వానిదాక చిరునవ్వుతో వడ్డింపలేడు. అసూయ కలవాడు ఇంకొకరి దానము చూచి సహింపలేడు. అహంకారము కలవాడు అన్నము పెట్టును కాని, దానితోపాటు అవమానమును కూడ పెట్టును. తరిగొండలోని నిందలు వెంగమాంబకు ఓర్పును నేర్పినవి. మదనపల్లె గురువు వివేకము నిచ్చెను. తుంబురుకోన మమకారమును కాల్చివేసినది. ఈ మూడును పూర్తియైన తరువాతనే ఆమె చేతికి గరిటె వచ్చినది.

దానము ఎట్లుండవలెనో గీతాచార్యుడు పదునేడవ అధ్యాయమున వివరించెను. ఈయదగినదను భావముతో, ప్రత్యుపకారము కోరక, తగిన దేశమున, తగిన కాలమున, తగినవానికి ఇచ్చునది సాత్త్వికము. తిరుమల వంటి దేశము, వైశాఖము వంటి కాలము, ఎండలో నడచివచ్చిన బడుగు యాత్రికుని వంటి పాత్రము. ఆ గీతావాక్యమునకు వెంగమాంబ చలివేంద్రమే వ్యాఖ్యానము. వైష్ణవ సంప్రదాయమున భగవంతుని కంటెను భగవద్భక్తుల నారాధించుట అధికమని పెద్దలు చెప్పిరి. తదీయారాధనమని దానికి పేరు. భక్తునకు పెట్టిన అన్నము భగవంతుడు ఆరగించును. ఈ దృష్టితో చూచినచో పగలు యాత్రికునకు వడ్డించుటకును, రాత్రి స్వామికి హారతి యెత్తుటకును భేదమే లేదు.

జ్ఞానము, కరుణ

వెంగమాంబను యోగినిగ కొందరు, కవయిత్రిగ కొందరు, దాత్రిగ కొందరు కొనియాడుదురు. ఆమెలో ఈ మూడును వేరువేరు కావు. తిరుమలలో ఆమె రచనలు మరింత విస్తరించినవి. చెంచు నాటకము, రుక్మిణీ నాటకము, గోపీ నాటకము వంటి యక్షగానములు; ద్విపద భాగవతము; యోగవాసిష్ఠమును తెలుగు ద్విపదలోనికి తెచ్చిన వాసిష్ఠ రామాయణము; అష్టాంగయోగసారము; తత్త్వకీర్తనలు; వీటన్నింటికిని మకుటాయమానముగ శ్రీ వేంకటాచల మాహాత్మ్యము. కొండపై స్వామి వెలసిన వృత్తాంతమును, శ్రీనివాసుని కల్యాణగాథను తెలుగు గృహములకు చేర్చిన గ్రంథములలో అది ముఖ్యమైనది.

ద్విపద పండితులకంటెను సామాన్యజనమునకు దగ్గరి ఛందస్సు. యక్షగానము చదువురాని వారును చూచి విని ఆనందింపదగినది. యోగవాసిష్ఠము వంటి కఠిన వేదాంతమును సులభమైన ద్విపదలో చెప్పుట కూడ అన్నదానము వంటిదే. సంస్కృతమను ఎత్తైన గాదెలోని ధాన్యమును దించి, దంచి, వండి, అందరికిని అందునట్లు వడ్డించుట అది. ఆకలి రెండు విధములు. కడుపు ఆకలికి ఆమె అన్నము పెట్టెను. మనస్సు ఆకలికి గ్రంథములు వ్రాసెను.

భాగవతమున రంతిదేవుని కథ కలదు. పెక్కు దినములు ఉపవసించిన ఆ రాజు, తుదకు లభించిన కొలది ఆహారమును వచ్చిన అతిథులకు పెట్టి, మిగిలిన నీటిని కూడ దప్పిగొన్న వానికి పోసెను. మోక్షమును కోరక, ప్రాణుల దుఃఖము తీరుటయే కోరెను. తన కడుపు నిండిన తరువాత మిగిలిన దానిని ఇచ్చుట మంచిదే. కాని తన దప్పిని మరచి ఎదుటివాని దప్పిని గుర్తించుట భక్తికి పరాకాష్ఠ. యోగమున శ్వాసను నిలుపుట అభ్యసించిన వెంగమాంబ, వైశాఖపు ఎండలో నీటిచెంబు పట్టుకొని నిలిచినదన్నచో, ఆమె యోగము కన్నులు మూసికొన్న యోగము మాత్రమే కాదని తెలియుచున్నది.

పరమపదము, పరంపర

1817లో వెంగమాంబ దేహమును చాలించెను. ఆమె బృందావనము తిరుమలలో శ్రీవారి ఆలయమునకు ఉత్తరదిశలో నేటికిని కలదు. ప్రతి సంవత్సరము నృసింహ జయంతినాడే ఆమె జయంతిని, శ్రావణ శుద్ధ నవమినాడు వర్ధంతిని జరుపుచున్నారు.

కాలక్రమమున పాలనలు మారినవి. 1843లో ఆలయ నిర్వహణ హాథీరాంజీ మఠ మహంతులకు వచ్చెను. 1933లో తిరుమల తిరుపతి దేవస్థానముల పాలకవర్గము ఏర్పడెను. మెట్లదారికి తోడుగా బస్సుమార్గములు వచ్చినవి. యాత్రికుల సంఖ్య ఎన్నో మడుగులు పెరిగెను. అయినను కొండకు వచ్చినవానికి ఆకలి మారలేదు. 1985 ఏప్రిల్ 6వ తేదీన దేవస్థానము నిత్యాన్నదాన పథకమును ఆరంభించెను. నాడు దినమునకు 2,000 మందికి భోజనము పెట్టుటతో మొదలైన ఆ కార్యము ఏటేట విస్తరించెను. 2011 జూలై 7వ తేదీన నాటి రాష్ట్రపతి శ్రీమతి ప్రతిభా పాటిల్ నూతన భవనమును ప్రారంభించిరి. ఒక్కసారికి సుమారు 4,000 మంది కూర్చుండి భుజింపగల ఆ భవనమునకు మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరు పెట్టబడెను.

ఆ పేరు పెట్టుటలో ఔచిత్యమున్నది. కోట్లకు పడగలెత్తిన దాతలు ఎందరో ఆ పథకమునకు ధనమిచ్చిరి. కాని ద్వారముపై నిలిచిన పేరు చేత కాసులేని వితంతువుది. శుభకార్యమునకు ఎదురు రాదగదని లోకము త్రోసివేసిన స్త్రీ పేరు చదివిన తరువాతనే, నేడు నూతన వధూవరులును ఆ భోజనశాలలో అడుగు పెట్టుచున్నారు. లోకము చేసిన తీర్పును స్వామి ఎట్లు దిద్దునో తెలిసికొనుటకు ఇంతకంటె వేరు సాక్ష్యము అక్కరలేదు.

ఇంటింటి ధర్మము

వెంగమాంబ నడచిన నేలపై నేటికిని మదనపల్లె, పుంగనూరు, కుప్పము గృహస్థులు సంసారములు సాగించుచున్నారు. కొండకు పోవు భక్తులు ఆ బాటలలోనే గోవిందనామము పలుకుచున్నారు. వారిలో అధికులు మెట్ట సేద్యముపై, చిన్న వర్తకముపై, కూలిపై బ్రతుకువారు. తమకు దానము సాధ్యము కాదని వారనుకొనవచ్చును. పుంగనూరు ఆవును చూచినచో ఆ సందేహము తీరును. అది పొట్టిది, పెద్ద జాతుల ఆవులకంటె తక్కువ మేతతోనే తృప్తి చెందును, దాని పాలలో మాత్రము వెన్న మెండు. ఇచ్చువాని పరిమాణమునకును, ఇచ్చిన దాని సారమునకును సంబంధము లేదు.

ప్రతిదినము పొయ్యిపై ఎసరు పెట్టుటకు ముందు పిడికెడు బియ్యమును వేరొక ముంతలో వేయు ఆచారము పెక్కు ఇండ్లలో నుండెడిది. నెల తిరుగునప్పటికి అది ఒక పేదవాని కుటుంబమునకు కొన్ని పూటల అన్నమగును. పిడికెడు తగ్గినందున ఇంటివారి కడుపు మాడదు. కాని ఆ పిడికిలి తెరచునపుడు ఇంటి ఇల్లాలికి ప్రతిదినము తాను కాక మరియొకరు గుర్తుకు వచ్చుదురు. ఆ గుర్తే పూజ. ఎండకాలమున వాకిట ఒక కడవెడు చల్లని నీరు పెట్టి, పైన మూతయు, ప్రక్కన లోటాయు ఉంచుటకు ధనముతో పనిలేదు. అడిగినవాని కులమును, ఊరును విచారింపక పోయుట మాత్రము కావలెను. విధవయని, అనాథయని, రోగియని సంఘము దూరముంచిన వారిని పండుగనాడు పంక్తిలో కూర్చుండబెట్టుట వెంగమాంబకు చేయదగిన నిజమైన హారతి.

దానము చేయునపుడు మూడు విషయములు ఆమె చరిత్ర నుండి గ్రహింపదగినవి. మొదటిది, చేతికి వచ్చిన దానిని తనదనుకొనకుండుట. ఆమె తనకిచ్చిన మాన్యములకు యజమానురాలు కాలేదు; కాలువ అయ్యెను. కాలువ నీటిని నిలుపుకొనదు. కాని నీరు పారిన కాలువ ఎన్నడును ఎండియుండదు. రెండవది, తనను నొప్పించిన లోకమునకే మేలు చేయుట. మేలు చేసినవారికి మేలు చేయుట వ్యవహారము. నొప్పించినవారి పిల్లలకును అన్నము పెట్టుట భక్తి. మూడవది, ఇచ్చుటకు ముందు తనను తాను దిద్దుకొనుట. చేతులు కడుగుకొనక వడ్డించిన అన్నము ఎట్లు అశుచియో, మనస్సు కడుగుకొనక చేసిన దానమును అట్టిదే.

తిరుమలలో రాత్రివేళ ముత్యాల హారతి వెలిగి, స్వామి పవ్వళించును. తెల్లవారగనే సుప్రభాతము వినబడును. వంటశాలలలో పొయ్యిలు రాజుకొనును. క్యూలలో నిలిచిన యాత్రికులకు అన్నము, నీరు అందుచుండును. కుప్పము నుండి వచ్చిన ముదుసలి యొకతె ఆ పంక్తిలో కూర్చుండి కడుపార భుజించి, చేయి కడుగుకొని, గోవిందా యని చేతులెత్తి మ్రొక్కినపుడు ఆ మ్రొక్కు నేరుగ స్వామిని చేరును. తరిగొండ నరసింహుని కొలిచి, తిరుమలేశుని వరించి, యాత్రికుల ఆకలిలో ఆ ఇరువురిని దర్శించిన ఆ తల్లి చరిత్ర, ప్రతి గృహమునను పిడికెడు బియ్యముగ, చెంబెడు నీరుగ, ఒక మంచిమాటగ ఫలించుగాక. అట్టి గృహములను శ్రీనివాసుడు తన నివాసముగ చేసికొనుగాక.